కొలెస్టరాల్ మాత్రతో బాధ్యత తీరదు

డయాలిసిస్ యంత్రంపై బ్రతుకుతున్న కార్మికుని తరచు కబళిస్తున్నది గుండెజబ్బు. అమెరికాలోని సియాటిల్ వైద్యులు 1974లోనే ఈ ప్రమాదాన్ని వెల్లడించారు. అయినా “కొవ్వు తగ్గించుకో” అని మాత్ర వ్రాసి చేతులు దులుపుకొనే ధోరణి నేటికీ కానవస్తున్నది. దీనిని మేము తీవ్రంగా నిరసిస్తున్నాము.

ఈ రోగుల రక్తంలో సాధారణంగా పెరిగేవి ట్రైగ్లిజరైడ్లు. తగ్గేది మంచిదని పేరున్న హెచ్.డి.ఎల్. చెడ్డదనే ఎల్.డి.ఎల్. మామూలుగానో, అంతకన్న తక్కువగానో ఉంటుంది. పైగా కొలెస్టరాల్ బాగా తక్కువైనవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. విడ్డూరమేమీ లేదు! తిండి చాలక, ఒంటిలో ఎడతెగని వాపుగుణంతో శుష్కించినవానికి కొలెస్టరాల్ కూడ పడిపోతుంది. ఆ అంకె చూపి “నీ గుండె భద్రం” అనడం ఎంత అన్యాయం!

జర్మనీలో మధుమేహమున్న 1,255 మంది డయాలిసిస్ రోగులపై అటోర్వాస్టాటిన్‌ను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. 2009లో రోసువాస్టాటిన్ ఫలితాలు వచ్చాయి. అందులో రోగులు 2,700కు పైబడి ఉన్నారు. రెండింటిలోను కొలెస్టరాల్ దిగింది. గుండెపోట్లు, పక్షవాతం, హృద్రోగ మరణాలు కలిపి చూస్తే చెప్పుకోదగిన తగ్గుదల లేదు. అందుచేతనే 2013 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు డయాలిసిస్ రోగులకు ఈ మాత్రలు కొత్తగా మొదలుపెట్టవద్దని, ముందునుంచి వాడేవారు కొనసాగించవచ్చని సూచించాయి. కనుక వైద్యుని అడగకుండా ఎవరూ మాత్ర మానరాదు.

మరి గుండె ఎందుకు ఆగుతున్నది? రెండు విడతల నడుమ ఒంటిలో చేరే నీరు, పొటాషియం. భాస్వరం పెరిగి రక్తనాళాలలో సున్నం గట్టిపడడం. అధిక రక్తపోటు, రక్తహీనత. వారానికి మూడు విడతలు, విడతకు నాలుగు గంటలు అన్నది వైద్యలోకం అంగీకరించిన ప్రమాణం. మన దేశంలో ఎందరో రెండింటితోనే సరిపెట్టుకుంటున్నారు. మూడు విడతలు పొందే అమెరికా రోగులలోనే, రెండురోజుల విరామం ముగిసిన నాడు మరణాలు పెరుగుతున్నాయని 2011లో తేలింది. మనవానికి ప్రతివారం మూడురోజుల విరామం కూడ తప్పదు! మాత్ర చౌక, మూడవ విడత ఖరీదు: అసలు రహస్యమిదే.

2016లో కేంద్రం జాతీయ డయాలిసిస్ కార్యక్రమాన్ని ప్రకటించింది. జిల్లా ఆసుపత్రులకు యంత్రాలు వచ్చాయి, సంతోషం. కాని ఉద్దానం జీడితోటల కూలీకి యంత్రం ఉచితమైనా, బస్సు చార్జీ, పోయిన కూలి ఎవరిస్తారు? మూడవ విడతను హామీ చేయాలి. భాస్వరాన్ని అదుపుచేసే మందులు, రక్తహీనతకు సూదిమందు ఉచితంగా ఇవ్వాలి. డయాలిసిస్ రోజులకు కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ వేతనంతో కూడిన సెలవు, రానుపోను చార్జీలు చెల్లించాలని ప్రభుత్వాన్ని, యాజమాన్యాలను మేము డిమాండు చేస్తున్నాము.