గళ్ళలో దూరిన పక్షము

పార్వతీపురము నుండి వచ్చిన పత్రికల కట్ట విప్పినంతనే కురుపాం టీకొట్టులో రెండు పక్షము లేర్పడును. ఎవరి పార్టీని మెచ్చు పత్రిక వారి చేతికి పోవును. పొరపాటున తారుమారైనచో టీ చల్లారక మునుపే మరల మార్చుకొందురు. ఆ తగవుతో పనిలేక, ఆదివారపు అనుబంధమును నాలుగు మడతలు పెట్టి, పెన్సిలు చేతబట్టి గళ్ళ నుడికట్టు పూరించువాడు ఎప్పుడును ఒకడుండును. అతనికి పత్రిక యెవరిదైన నొకటే. ఇప్పుడు ఆ గళ్ళలోనికి గూడ రాజకీయాభిప్రాయము మెల్లగా దిగుచున్నది. సంపాదకీయములోని అభిప్రాయముకన్న ఇది హెచ్చు అన్యాయమని నా తలంపు.

ఏలయన, సంపాదకీయమును ఒప్పుకొనకుండుటకు చదువరికి స్వేచ్ఛ కలదు. చదివి విసరివేసినను అతడు చదివినవాడే. గళ్ళ సంగతి అట్లు కాదు. 'రాష్ట్రమును ముంచిన ఘనుడు' అని ఆధారమిచ్చి, అడ్డముగా ఒక నాయకుని పేరు రావలెనన్నచో, ఆ నాయకుని దేవునివలె కొలుచువాడు సైతము తన చేతితో ఆ పేరు వ్రాసి తీరవలెను. కాదన్నచో గడులు ఖాళీగా విడిచి, వానితో ముడివడిన నిలువు మాటలను గూడ పోగొట్టుకొనవలెను. 'అభివృద్ధి ప్రదాత' అని పొగడినను దోష మిదియే.

ఇంతమాత్రముచేత గళ్ళలో రాజకీయమే కూడదని నేననను. ఒకే పద్యమున రామకథను భారతకథను నడిపిన పింగళి సూరన వ్రాసిన భాష యిది. విజయనగర సీమకు చెందిన అడిదము సూరకవి రామలింగేశ శతకములో ప్రభువులను దులిపివేసెను. ఇక గళ్ళ నుడికట్టులు కూర్చిన ఆరుద్రగాని, పదబంధ ప్రహేళికలు కూర్చిన శ్రీశ్రీగాని రాజకీయ మెరుగని అమాయకులు కారు గదా! 'తనే వెనుదిరిగితే నాయకుడు' అని రెండక్షరముల ఆధార మొకటి కట్టి నేనొకనాడు టీకొట్టులో విసరితిని. 'తనే' అన్నదానిని వెనుకనుండి చదివిన 'నేత' యగును. ఇరుపక్షములవారును నవ్విరి, ఎవరికివారు ఎదుటి నేతను తలచుకొనియే నవ్విరనుకొందును. విసురు ఉన్నది, బలవంతము లేదు.

1996 నవంబరు 5న, అమెరికా అధ్యక్ష ఎన్నికనాడు, న్యూయార్క్ టైమ్స్ పత్రికలో జెరెమయా ఫారెల్ కూర్చిన గళ్ళలో, రేపటి పతాకవార్త యేమన్న ఆధారమునకు క్లింటన్ నెగ్గెనని వ్రాసినను, ప్రత్యర్థి బాబ్ డోల్ నెగ్గెనని వ్రాసినను సరిపోయెను. ఆ పేరును తాకు ఏడు నిలువు మాటలును రెండువిధముల ఒదుగునట్లు అమర్చినవే, ఆంగ్లమున 'క్యాట్' (పిల్లి) అన్నను 'బ్యాట్' (గబ్బిలము) అన్నను తప్పులేనట్లు. ఆ కిటుకు తెలియక, ఓట్లు లెక్కింపకమునుపే క్లింటన్ గెలుపును చాటుటకు మీరెవరని గళ్ళ సంపాదకుడైన విల్ షార్ట్జ్‌పై మండిపడినవారు కలరు. వారి కోపము పొరపాటే గాని అకారణము కాదు. ఆ పేరును వ్రాసినది వారి చేతులే.

తెలుగులో చిక్కు మరికొంత లోతైనది. మన గడిలో అక్షరము గుణింతముతో, ఒత్తుతో సహా నిండుగా కూర్చుండును గనుక, ఆంగ్లమునందువలె అక్షరములను చెల్లాచెదరు చేసి మరియొక మాట పుట్టించుట సులభము కాదు. అందుచే కూర్పరి తరచుగా నిర్వచనముపైననే భారము వేయును. అభిప్రాయము దూరు కంత యదియే. ఆ కంతను చూడక గళ్ళలో కుట్రలు వెదకువారును కలరు. 2012లో వెనిజులాలో ఒక పత్రిక గళ్ళయందు అధ్యక్షుడు చావెజ్ సోదరుని హత్యకు సంకేతము దాగియున్నదని ప్రభుత్వ టెలివిజన్‌లో ఆరోపణ రాగా, నిఘా అధికారులు కూర్పరిని ప్రశ్నించిరి. అట్టి కుట్రలు వెదకువారికి కూర్పరికే తెలియకుండ దూరిన అభిప్రాయము ఎన్నడును కనబడదు.

కొంతకాలము క్రిందట ఒక పత్రికలో 'అడవిని నాశనము చేయు సేద్యము' అన్న ఆధారము వచ్చెను. రెండక్షరములు. పూరించుచున్నవాడు గుమ్మలక్ష్మీపురము కొండలమీది సవర తెగ యువకుడు. పట్టణమున కూర్చున్న కూర్పరికి అది వట్టి పదనిర్వచనమువలె తోచియుండును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద ఆ కొండవాలుకే పట్టా పొందిన యింటివానికి మాత్రము అది ఎదుటి పక్షపు వాదము. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచు కోరన్న, మంగన్న అను ఇరువురు గిరిజనులు లేవిడి వద్ద భూస్వాముల తుపాకులకు బలియైనది ఈ పరిసరములలోనే; భూమికి సంబంధించిన యే మాటకును ఇక్కడ నిఘంటువు చాలదు.

"మా అయ్య అడివి పాడు సేసినోడా, మేస్టారూ?" అని అతడు నన్నడిగెను. నేను జవాబు చెప్పలేకపోతిని. నిలువున 'పోలిక' అన్న మాట అప్పటికే పడియుండుటచే 'పో' అక్షరము సిద్ధముగనే యున్నది. అతడు కొంతసేపు పెన్సిలు కొస కొరికి, ప్రక్కగడిలో 'డు' వ్రాసెను.