హుద్‌హుద్ చీకట్లో స్తంభాలెక్కినవారు

తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ అధికారులకు,

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, వేలాది స్తంభాలు నేలకొరిగాయి. కైలాసగిరి కొండ మీది పచ్చదనం ఒక్క పూటలో మోడువారింది.

ఆ గాలిని తలచుకున్నప్పుడల్లా విశాఖ జనం లైన్‌మెన్‌నూ తలచుకుంటారు. పొరుగు రాష్ట్రాల నుంచి కూడా వచ్చి, కూలిన చెట్లు కోసి, తీగలు లాగి, వీధి వీధికీ కరెంటు తెచ్చింది వాళ్లే. పాలకూ మంచినీళ్లకూ బారులు తీరిన రోజులవి. దీపావళి ఆ నెల 23న వచ్చింది గానీ, చాలా ఇళ్లకు బల్బు వెలిగిన రాత్రే పండగ.

తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. తీరంలోని ప్రతి మత్స్యకార గ్రామానికీ ఆ భద్రత అందాలి.

ఆనాడు స్తంభాలెక్కినవారి పేర్లు మీ కార్యాలయ గోడ మీద రాయించండి.