డబ్బు కట్టింది కరెంటుకే

గత నెల విజయవాడలో బంధువుల నికాహ్‌కు అల్లుడి విద్యుత్ కారులో బయలుదేరాము. సూర్యాపేట సమీపంలో ఒక హోటల్ ఆవరణలో కారును ఛార్జింగుకు పెట్టాము. పక్కనే ఉన్న మస్జిదులో జుహర్ నమాజు చేసి, తీరిగ్గా భోజనం ముగించి వచ్చేసరికి కారు పక్కన ఒక టాక్సీ డ్రైవరు నిలబడి ఉన్నాడు.

“చాచా, మీ బండి ఎనభై దాటి అర్ధగంటయింది. నా దాంట్ల ఏడే ఉంది. రెండో గన్ను పనిచేస్తలేదు. పేషెంటును దవాఖానకు తీసుకపోవాలె” అన్నాడు.

అతని గొంతులో కోపం లేదు. అందువల్లనే మాకు మరింత సిగ్గు కలిగింది. యంత్రం తెరపై అంకె 96.

నమాజులో తప్పు లేదు, భోజనంలోనూ లేదు. కారును అక్కడే వదిలి మరచిపోవడంలో ఉంది. డబ్బు కట్టాము కదా అని మనసు సమర్థించుకోజూస్తుంది. కాని మనం వెల చెల్లించింది కరెంటుకు మాత్రమే. ఆ చోటు, ఆ సమయం మన తరువాత వచ్చేవారి హక్కు. ధార్మిక ప్రసంగాల్లో ‘హుఖూఖుల్ ఇబాద్’ అన్న మాట ఎన్నోసార్లు విన్నాము. అది ఛార్జింగు కేంద్రంలో ఎదురవుతుందని ఊహించలేదు.

వేగంగా నింపే డి.సి. ఛార్జరు వద్ద బ్యాటరీ మొదట చురుగ్గా నిండుతుంది. సుమారు 80 శాతం దాటాక, బ్యాటరీ దెబ్బతినకుండా కారే కరెంటును క్రమంగా తగ్గించుకుంటుంది. గోనెసంచి మూతి దగ్గర గింజలను అదిమి అదిమి నింపినట్లుంటుంది ఆ చివరి భాగం. కొన్ని కార్లలో ఆ 20 శాతానికి, అంతకు ముందు నిండినదానికి పట్టినంత సమయమూ పడుతుంది. ముందున్న దారిలో ఛార్జరు లేకపోతే పూర్తిగా నింపుకోవలసిందే. అప్పుడు వేచి ఉన్నవారికి ఆ మాట చెప్పాలి. కొన్ని రకాల బ్యాటరీలను అప్పుడప్పుడు నూరు శాతం నింపమని తయారీదారులే చెబుతారు. ఆ పనికి రాత్రిపూట ఇంటి ప్లగ్గు చాలు.

మరొక సంగతి చాలామందికి తెలియదు. ఒకే యంత్రానికి రెండు గన్నులున్నచోట విద్యుత్తు తరచుగా ఇద్దరికీ పంచబడుతుంది. 60 కిలోవాట్ల యంత్రం చెరి 30 ఇవ్వవచ్చు. పక్కన ఖాళీ యంత్రం ఉండగా ఒకరు వాడుతున్నదానికే తగిలించడం ఇద్దరికీ నష్టం. ఇక ఎదుటివారి గన్ను ఊడదీయడానికి ఎర్రని అత్యవసర మీట నొక్కేవారూ ఉన్నారు! అది ప్రమాద సమయానికి ఉద్దేశించినది. నొక్కితే యంత్రమే ఆగిపోతుంది. కారు అద్దం వద్ద ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచితే ఈ తగవే ఉండదు. ఆ రోజు మా కారులో అదీ లేదు.

తిరుగు ప్రయాణంలో అక్కడే ఆగాము. అస్ర్ జమాఅత్‌కు ఇంకా పది నిమిషాలుంది. అల్లుడి ఫోన్‌లో అలారం మోగింది, అంకె 80. వజూకు వెళ్ళబోతున్నవాడు వెనుదిరిగి, గన్ను తీసి కొక్కేనికి తగిలించి, కారును పక్కకు తీసి పెట్టి వచ్చాడు. అప్పటికి అక్కడ వేచి ఉన్నవారెవరూ లేరు.