చేత నల్లిన కానుక

విదేశమునకు పోవువారు అచ్చటి మిత్రులకు ఎట్టి కానుక తీసికొని పోవలయును? ఇది చిన్న ప్రశ్నగా దోచును. నేను మాత్రము దీనిని చిన్నదిగా నెంచను. మన భాష తెలియనివారి యింట మనలను గూర్చి మొదట పలుకునది మనము తెచ్చిన కానుకయే.

ధవళేశ్వరములో నాయొద్ద చదువుకొన్న విద్యార్థిని యొకతె ఇతర దేశములలోని నేత, అల్లిక పనులను జూచి వచ్చుటకై కొందరితో గూడి పయనము నిశ్చయించుకొని, ఆ సంగతి చెప్పుటకు మా యింటికి వచ్చెను. కానుకలకని అంగడిలో కొనిన మెరుగు రుమాళ్లను నాకు చూపెను. "ఇవి యెవరు చేసిరమ్మా?" అని యడిగితిని. ఆమెకు తెలియదు.

ఆమె తల్లి నరసాపురము చెంత పల్లెలో ముప్పది యేండ్లుగా లేసు అల్లుచు, కూతును ఇచ్చట మేనమామ యింట నుంచి చదివించినది. "మీ అమ్మ అల్లిన దొకటి తీసికొని పోరాదా?" అంటిని. ఆమె తల వంచుకొని, "మా యింట నొక్కటియు లేదండీ. అన్నియు అమ్మకమునకే పోయినవి" అనెను.

ఆ మాట నా మనస్సులో నాటుకొనినది.

మన ఆనకట్ట చెంత గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. వసిష్ఠ యొడ్డున, సముద్రమునకు చేరువలో నున్నది నరసాపురము. దాని సమీపమునందలి మాధవాయపాలెములో పూర్వము ఆంగ్లేయుల వర్తకస్థాన ముండెడిది. ఆ యూరి పేరు 'మడపొల్లము'గా మారి, ఒక జాతి నూలుబట్టకు పేరై ఆంగ్ల నిఘంటువుల కెక్కినది. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. దీనికి మగ్గ మక్కరలేదు. కొన వంగిన చిన్న సూదితో సన్నని నూలుదారమును లాగి, ఉచ్చులో ఉచ్చు వేయుచు పువ్వులను, ఆకులను, చక్రములను అల్లుదురు. ఇంటి అరుగే వారి కార్యశాల. దళారి దారమిచ్చి, అల్లినదానిని తీసికొని పోవును. అది ఏ దేశమునకు పోయినదో అల్లినవారికి తెలియదు. ఎవరు అల్లిరో కొన్నవారికి తెలియదు.

2024లో ఈ లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఊరికి పేరు వచ్చినది, సంతోషమే. అల్లిన మనిషికి పేరు ఇంకను రావలసి యున్నది. కానుక యిచ్చువాడు ఈ కొరతను కొంత తీర్పగలడు. ఏలయన, అది యెవరి చేతిపనియో తన నోట చెప్పి యీయగలడు గదా!

1947 నవంబరులో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్తు వివాహమునకు హైదరాబాదు నిజాము వజ్రాలహారము పంపెను. గాంధీమహాత్ముడు తాను వడికిన నూలుతో అల్లించిన చిన్న వస్త్రమును పంపెను. ఆమె రాణియై, 2022లో గతించినప్పుడు, ఆ వస్త్రమును ఆమె తనకు చూపిన సంగతిని భారత ప్రధాని స్మరించెను. హారమును గూర్చి చెప్పునప్పుడు జనులు దాని వెలను చెప్పుదురు. వస్త్రమును గూర్చి చెప్పునప్పుడు దానికి నూలు వడికిన చేతిని గూర్చి చెప్పుదురు.

"అంగడి వస్తువు నునుపుగా నుండును, మనము చేసినది వంకరగా నుండును" అని కొందరనవచ్చును. ఈ విషయమున నేనే యొక పాఠము నేర్చుకొంటిని. పయనమునకు ఇంక రెండు నెలలుండగా ఆ బాలిక తల్లిని పిలిపించి, ఆమెయొద్ద అల్లిక నేర్వ మొదలిడినది. ఒకనాడు నేను వెళ్లి చూడగా, కూతురు అల్లిన పువ్వులో ఒక రేకు కురుచగా నుండెను. "పోనిమ్ము, స్వయముగా చేసినదని తెలియును" అంటిని. తల్లి ఒప్పుకొనలేదు. "మనము చేసినామని తప్పు ఒప్పగునా, మాస్టారూ? ఇచ్చునది మంచిదై యుండవలెను" అని దారము పట్టి లాగెను. పువ్వంతయు ఊడిపోయినది. కూతురు మరల మొదలిడెను. నేను సిగ్గుపడితిని. చేతిపని యనిన మాత్రమున ఎదుటివారు మన తప్పును క్షమింపవలెనని కోరుట కానుక కాదు, అది యాచన.

విద్యార్థులారా! మీలో కొందరు ముందు ముందు దూరదేశములకు పోవుదురు. కానుకల పని కొన్ని నెలల ముందే మొదలిడుడు. తేలికయై, మడచినను చెడనిదానిని ఎన్నుకొనుడు. గింజలు, గడ్డి, చెక్కతో చేసినవానిని ఆస్ట్రేలియా వంటి దేశములలో తనిఖీ చేసి ఆపివేయవచ్చును; కావున ముందుగా నియమములు తెలిసికొనుడు. స్వయముగా చేయ నేర్వనిచో, చేసినవారి యొద్దనే న్యాయమైన వెల యిచ్చి కొనుడు. అది యెట్లు చేయుదురో, ఎన్ని దినములు పట్టునో అడిగి తెలిసికొనుడు. వారి పేరును మీతో తీసికొని పొండు.

ఆ తల్లీకూతుండ్రు కలిసి ఏడు లేసు చక్రములు అల్లిరి. ఆరింటికి ఆరు చీటీలు కట్టిరి. ఒక్కొక్క చీటీమీద తల్లి తన పేరును, తన యూరి పేరును తెలుగులో స్వయముగా వ్రాసినది. వాని క్రింద కూతురు ఆంగ్లములో వ్రాసినది. ఆ యారును సముద్రము దాటి పోయినవి. ఏడవదానిని తల్లి తన పెట్టెలో దాచుకొన్నది.