ఒంటినొప్పుల ప్రశ్నలు కార్మికుల భాషలో అడుగవలెను

మా కోడలు పనిచేయు కంపెనీలో ఇటీవల, పనివలన ఒంటికి కలుగు బాధలను తెలిసికొనుటకు కార్మికులందరికి ప్రశ్నాపత్రములు పంచిరి. ఉద్దేశము మెచ్చదగినదే. జరిపిన పద్ధతిని గూర్చి మాత్రము కొన్ని మాటలు విన్నవింపదలచితిని.

1987లో నార్డిక్ దేశముల పరిశోధకులు ప్రకటించిన ప్రశ్నావళి ఇందులకు పేరుపొందినది. అది మెడ, భుజములు, మోచేతులు, మణికట్లు, వీపు, నడుము, తుంట్లు, మోకాళ్లు, పాదములు అని ఒంటిని తొమ్మిది భాగములు చేసి, ఒక్కొక్కచోట గడచిన 12 నెలలలో బాధ కలిగినదా, పని మానవలసి వచ్చినదా, గడచిన 7 దినములలో ఉన్నదా అని అడుగును.

ఇంత తేలిక ప్రశ్నలను ఆ కంపెనీవారు ఇంగ్లీషున అచ్చువేసి, పేర్లు వ్రాయించి, సూపర్‌వైజరు ఎదుటనే నింపించిరి. వీపునకును నడుమునకును ఇంగ్లీషున ‘బ్యాక్’ అనియే ఉండగా, ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడువారు ఏ గడిలో గుర్తు పెట్టుదురు? పేరు వ్రాసి నొప్పి ఉన్నదనుటకు ఎవరికి ధైర్యము చాలును? చాలమంది ‘లేదు’ అనియే గీటు పెట్టిరట.

పిమ్మట అన్ని డిపార్టుమెంట్లు కలిపి ఒకే సరాసరి తీసిరట. ప్యాకింగులో పొద్దంతా నిలబడువారికి కాళ్లు, స్టోర్సులో బరువులెత్తువారికి నడుము, అకౌంట్సులో కంప్యూటరు ముందు కూర్చుండువారికి మెడ నొచ్చును. అన్నియు కలిపినచో ఎవరి బాధయు కనబడదు. ముప్పదియైదేండ్లు సర్కారు కచేరీలో పట్టికలు కట్టినవాడను. సరాసరి చాటున ఏమేమి దాగునో ఎరుగుదును.

నిలబడి పనిచేయువారికి వీలుచిక్కినప్పుడు కూర్చుండుటకు ఏర్పాటుండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 44వ సెక్షనులోనే చెప్పినది. తమిళనాడున దుకాణములలోని పనివారికి సైతము 2021లో చట్టసవరణవలన ఆసనపు హక్కు లభించినది. ఎవరికి ఏమి కావలెనో తెలియుటకు మాత్రము సరిగా అడుగవలెను గదా!

కనుక ప్రశ్నలు కార్మికుల భాషలలో ఉండవలెను. పేరు అడుగక, డిపార్టుమెంటు, చేయు పని మాత్రమే అడుగవలెను. కాగితములు సూపర్‌వైజరు చేతికి గాక, మూసిన పెట్టెలో వేయించవలెను. ఫలితములను డిపార్టుమెంటు వారీగా నోటీసుబోర్డున పెట్టి, చేసిన మార్పులు తెలిపి, ఆరు నెలలకు మరల అడుగవలెను. అడిగి ఊరకున్నచో రెండవమారు నిజము చెప్పువారుండరు.

దీనికగు ఖర్చు స్వల్పము. యజమానులును, కార్మిక సంఘములవారును ఆలోచింతురుగాక.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
హోసూరు.