లెక్కలు ఎవడబ్బ సొత్తు?

1903లో కుంభకోణంలో పదిహేనేళ్ల పిల్లవాడొకడి చేతికి కాలేజీ లైబ్రరీ నుంచి ఒక పాత పుస్తకం వచ్చింది. కార్ అనే ఇంగ్లీషు ట్యూటరు వేలాది గణిత సూత్రాలు పేర్చి రాసిన పుస్తకం అది. అంతకు ముందే ఆ పిల్లవాడు తమ యింట్లో అద్దెకున్న కాలేజీ కుర్రాళ్ల దగ్గర లోనీ త్రికోణమితి తీసుకుని నమిలి మింగేశాడు. ఆ పిల్లవాడే శ్రీనివాస రామానుజన్. ఆయన పేదవాడే. ఆయన ప్రతిభను శంకించాల్సిన పని లేదు. గాని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కాలేజీ కుర్రాళ్లు అద్దెకు దిగే వీధి ఏది? 1903లో ఏ మాలపల్లెలో, ఏ మాదిగ గూడెంలో గూట్లో త్రికోణమితి పుస్తకం వుంది? ఆకలి రెండిళ్లలోనూ ఒకటే కావచ్చు. పుస్తకం నడిచొచ్చే దారి మాత్రం ఒకటి కాదు.

యీ దారి గురించే యిప్పుడు మాట్లాడుకోవాలి.

మనది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానపడే జిల్లా. వేరుశనగ ఎండితే తల్లిదండ్రులు బెంగుళూరుకు బేల్దారి పనికి మూటాముల్లె సర్దుకుంటారు. పిల్లలు హాస్టల్లో వుంటారు. అలాంటి పిల్లల్లో ఒకరు బి.యస్సీ మ్యాథ్స్ లో చేరతారు, యింకొకరు ఎం.యస్సీ ఫిజిక్సుకు వస్తారు. అనంతపురంలో చదువుకు చోటు లేక కాదు. ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది. ఇంజనీరింగు కాలేజీ 1946 నాటిది. 1968లో పి.జి. సెంటరుగా మొదలైంది 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. గోడలున్నాయి, బల్లలున్నాయి, సీట్లలో మనకు రావాల్సిన వాటా కోసం కొట్లాడి తెచ్చుకున్న రిజర్వేషనుంది. మరి మన పిల్లలు లెక్కల్లో ఎందుకు మధ్యలో ఆగిపోతున్నారు?

తెలివి లేక అంటారు కొందరు. అది పచ్చి అబద్ధం. తెలివి లేక కాదు, తెలియక. తెలివికీ తెలియడానికీ చాలా తేడా వుంది. పైకులాల యిళ్లల్లో సమాచారం గాలిలా తిరుగుతుంది. మేనమామ లెక్చరరు, పెదనాన్న కొడుకు ఐ.ఐ.టి., పక్కింటాయన సైంటిస్టు. ఏ పుస్తకం చదవాలి, ఏ పరీక్ష రాయాలి, ఎప్పుడు రాయాలి, అన్నీ భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. మన పిల్లవాడికి జామ్ అనే పరీక్ష వుందన్న సంగతి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో, అదీ అప్లికేషను గడువు దాటినాక తెలుస్తుంది. ఏకలవ్యుడి వేలు కోయడానికి యివాళ కత్తి అక్కర్లేదు. చెప్పకుండా వూరుకుంటే చాలు.

అందుకే యీసారి నినాదాలు కొంచెం పక్కనబెట్టి చెప్పకుండా దాగిన సంగతులే రాస్తున్నాం. యిప్పుడు హాస్టల్లో చాలామంది చేతుల్లో సెల్లుంది. రీళ్లూ క్రికెట్టూ చూసే ఆ సెల్లులోనే, పైసా ఖర్చు లేకుండా, దొంగతనం చేయకుండా, యూనివర్సిటీ చదువంతా దొరుకుతుంది. ఎక్కడ దొరుకుతుందో చూడండి.

మొదట పాఠం. ఐ.ఐ.టి.లూ బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటూ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్.పి.టి.ఇ.ఎల్. అనేదొకటుంది. ఐ.ఐ.టి. గేటు దాటని పిల్లవాడు కూడా ఐ.ఐ.టి. ప్రొఫెసరు పాఠం వినొచ్చు. రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా, క్వాంటం మెకానిక్స్, ఆర్గానిక్ కెమిస్ట్రీ, అన్నీ వున్నాయి. కొన్ని కోర్సుల పాఠాలు తెలుగులోకి కూడా మార్చి పెట్టారు. వినడం, చేరడం ఉచితం. సర్టిఫికెట్టు పరీక్షకు మాత్రమే ఫీజు, అందులో ఎస్సీ, ఎస్టీలకు రాయితీ యిస్తున్నారు. 2017లో వచ్చిన 'స్వయం'లో చేసిన కోర్సులను డిగ్రీ క్రెడిట్లలో 40 శాతం దాకా కలుపుకోవచ్చని యు.జి.సి. 2021లో నిబంధన చేసింది. మీ కాలేజీ కలుపుతుందా? అడగండి. నెట్ కూడా లేని పల్లెలో వుంటే 'స్వయం ప్రభ' చానెళ్లు డిష్ మీద వస్తాయి.

అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద విద్యాసంస్థ తన పాఠాలన్నీ లోకానికి ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించి పెట్టేసింది. అందులో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా వుంది. ఆయన సిద్ధాంతంతో భయపెట్టడు. తెలియని రాశులు రెండు, సమీకరణాలు రెండు తీసుకుని మొదలుపెడతాడు. అది మన తొమ్మిదో తరగతి, పదో తరగతి లెక్కే. ఆ మెట్టు మీద నిలబెట్టి పైకి తీసుకుపోతాడు. బోర్డు మీద రాసింది ఎక్కించుకుని పోయే పాఠానికీ దీనికీ తేడా విన్నవాళ్లకే తెలుస్తుంది.

రెండోది పుస్తకం. వేలు పోసి కొనాల్సిన పని లేదు. ఓపెన్‌స్టాక్స్ వాళ్లు కాలిక్యులస్ మూడు భాగాలు, యూనివర్సిటీ ఫిజిక్స్ మూడు భాగాలు, కెమిస్ట్రీ పుస్తకం ఉచితంగా దించుకోమని పెట్టారు. లామార్ యూనివర్సిటీ టీచరు పాల్ డాకిన్స్ నోట్సు వుంది. లెక్కను మెట్టు మెట్టుగా విప్పి చెప్పే నోట్సు అది, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కు బాగా పనికొస్తుంది. ఫైన్‌మన్ ఫిజిక్సు ఉపన్యాసాలు మూడు సంపుటాలూ చదువుకోవడానికి తెరిచి పెట్టారు. ఎం.యస్సీ వాళ్లకు యు.జి.సి. వాళ్ల ఇ-పి.జి. పాఠశాల వుంది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ వుంది.

మూడోది ప్రయోగం. ల్యాబులో పరికరం పాడైందని, కెమికల్సు లేవని రికార్డు మాత్రం రాయించే కాలేజీలు మనకు కొత్తకాదు. 'వర్చువల్ ల్యాబ్స్' లో ప్రయోగం తెర మీద చేసి చూడొచ్చు. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల 'ఫెట్' లో విద్యుత్తు, తరంగాలు, అణువులు కదిలించి చూడొచ్చు, కొన్ని తెలుగులోనూ వున్నాయి. జియోజిబ్రాలో సమీకరణం రాస్తే వక్రరేఖ కళ్ల ముందు గీస్తుంది. బొంబాయి ఐ.ఐ.టి. వాళ్ల 'స్పోకెన్ ట్యుటోరియల్' లో పైథాన్, సైలాబ్, లాటెక్ లాంటివి నేర్పుతారు. తెలుగు గొంతుతో చెప్పినవి కూడా వున్నాయి. కంప్యూటరు నేర్చుకోవడానికి హైదరాబాదు అమీర్‌పేటలో వేలు కట్టాల్సిన పనిలేదు.

నాలుగోది పరిశోధన. 1991 నుంచి నడుస్తున్న 'ఆర్కైవ్' లో గణితం, భౌతికశాస్త్రం పరిశోధనా పత్రాలు ఎవరైనా చదవొచ్చు. మన దేశపు పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు 'శోధ్‌గంగ' లో వున్నాయి. యిక డబ్బులు కట్టి చదవాల్సిన జర్నళ్ల సంగతి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఒక పథకం ఆమోదించింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల పత్రికలు అందుబాటులో వుంటాయి. మూడేళ్లకు 6 వేల కోట్లు. ఆ డబ్బు ఎవరిది? బెంగుళూరులో ఇటుకలు మోసే తండ్రి కొనే సబ్బు మీద, పారాసిటమాల్ మీద కట్టిన పన్నూ అందులో వుంది. కాబట్టి లైబ్రరీకి పోయి "మాకు లాగిన్ యివ్వండి సార్" అని అడగడం అడుక్కోవడం కాదు. అది మన డబ్బు, మన హక్కు.

అయిదోది పరీక్ష. జామ్, గేట్, నెట్ పాత ప్రశ్నపత్రాలు ఆయా సంస్థలే పెడతాయి. డిగ్రీ మొదటి ఏడాదే దించుకుని గోడకు అంటించుకోండి. అప్లికేషను ఫీజులో మనకు రాయితీ వుంటుందని కూడా తెలుసుకోండి.

"అన్నీ ఇంగ్లీషులోనే గదా అన్నా, మాకు యాడ అర్థమవుతాది?" అని అడుగుతారు. న్యాయమైన మాట. 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమన్నారు. ఇంగ్లీషు మనకు కావాల్సిందే, అది పైవాళ్ల పిల్లలకు మాత్రమే వుంచుతామంటే వూరుకోం. గాని మెట్లు లేకుండా మేడ ఎక్కమంటే కాళ్లు విరుగుతాయి. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు పాత పుస్తకాల అంగడిలో, సీనియర్ల దగ్గర యింకా దొరుకుతాయి. అవధి, అవకలజం, సమాకలనం, సదిశ అని తెలుగులో ఒకసారి అర్థం చేసుకుని, అదే పేజీ ఇంగ్లీషులో చదవండి. ఎప్సిలాన్, డెల్టా అనే రెండు గ్రీకు అక్షరాలు చూసి బెదిరి ఎంతమంది మ్యాథ్స్ వదిలేశారో! "నువ్వు ఎంత దగ్గర కావాలంటే అంత దగ్గరకు తెస్తాను" అన్న సవాలే ఆ రెండక్షరాలు. యింతకు మించి అందులో దయ్యం ఏమీ లేదు.

మేఘనాథ్ సాహా పేరు మన పిల్లలందరికీ తెలియాలి. 1893లో ఢాకా జిల్లా పల్లెలో చిన్న దుకాణదారుకు పుట్టాడు. కలకత్తాలో చదివేటప్పుడు తక్కువ కులమోడని హాస్టల్లో సహపంక్తి లేకుండా చేశారు. ఆయన జర్మన్ నేర్చుకున్నాడు. సత్యేంద్రనాథ్ బోసుతో కలిసి ఐన్‌స్టీన్ సాపేక్షతా పత్రాలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1920లో ఆ పుస్తకం కలకత్తా యూనివర్సిటీ వేసింది. ఆ ఏడాదే నక్షత్రాల కాంతిని చదవడానికి దారి చూపిన సాహా సమీకరణం కూడా వచ్చింది. పుస్తకం తన భాషలో లేదని ఆయన కూర్చోలేదు, తర్జుమా చేసుకున్నాడు. పక్కన మిత్రుడున్నాడు. ఆ రెండో సంగతి మరిచిపోవద్దు. ఒంటరిగా ఎవరూ నేర్చుకోలేదు.

కాబట్టి మా సూచన యిది. ప్రతి హాస్టల్లో అయిదారుగురు కూడండి. వైఫై వున్నచోట ఒకరు పాఠాలు దించితే అందరూ పంచుకోండి. వారానికి రెండు రాత్రులు ఒక పాఠం కలిసి చూడండి. చూసింది చాలదు. ఫోను మూసి, కాగితం మీద లెక్క చేయండి. యిప్పుడు అడిగిన లెక్కకల్లా జవాబు రాసిపెట్టే యంత్రాలూ వచ్చాయి. అవి తప్పులు కూడా ధీమాగా చెబుతాయి. చేసిన లెక్క సరిచూసుకోడానికి వాడండి, మీ బదులు చేయడానికి కాదు. యింకొకడి వేళ్లతో మనకు లెక్క రాదు. ఒక చాప్టరు అర్థమైనవాళ్లు దాన్ని తెలుగులో నాలుగు పేజీలు రాసి జూనియర్లకు యివ్వండి. మేనమామ లెక్చరరు లేనోళ్లకు ఆ నాలుగు పేజీలే మేనమామ.

యిదంతా చెప్పి ప్రభుత్వాన్ని వదిలేస్తామని కాదు. సెల్లులో పాఠం వుంది గదా అని ఖాళీ పోస్టులు నింపకుండా తప్పుకుంటామంటే ఒప్పుకోం. తెర మీది మనిషి మన సందేహం వినడు. ప్రతి సంక్షేమ హాస్టల్లో నెట్, నాలుగు కంప్యూటర్లు వుండాలి. లైబ్రరీ రాత్రి కూడా తెరవాలి. జర్నళ్ల లాగిన్ హాస్టలు గదిలో కూడా పనిచేయాలి. నిండుగా టీచర్లుండాలి. సెల్లు అమ్మాయిలకు యిస్తే చెడిపోతారనే యిళ్లల్లో మనమే పోయి మాట్లాడాలి.

యింకో మాట. పాఠం దొరికినంత మాత్రాన క్యాంపసుల్లో కులం పోదు. కార్ల్ సాగన్ లాంటి సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల 2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయాడు. ఆయనకు చదువు దొరక్క కాదు, చోటు దొరక్క. చదువూ కావాలి, చోటూ కావాలి. ఒకటి చేతిలోకి తీసుకుని రెండోదానికి కొట్లాడాలి.

సున్నా ఏ కులానిదీ కాదు. న్యూటను సూత్రం వూరికీ వాడకీ వేరువేరుగా పనిచేయదు. తలుపు యిప్పుడు సగం తెరిచుంది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పండి. యీ కాగితం చదివినాక దాచుకోవద్దు, పక్క గదికి యివ్వండి.

జై భీమ్.