శ్రుతి చేయని ఇంజనుతో ప్రయాణమా?

వాద్యాన్ని శ్రుతి చేయక కచేరీకి కూర్చున్న విద్వాంసుణ్ణి సభ క్షమించదు. అయినా ఆ పొరపాటు నాలుగు నవ్వులతో ముగిసిపోతుంది. శ్రుతి చేయని ఇంజనుతో రోడ్డెక్కిన యువకుని పొరపాటు మాత్రం నవ్వులతో ముగియదు. కారుకు కొత్తగా టర్బో అమర్చి, ట్యూనింగు చేయించక ముందే నడపడం నేటి యువకులలో కొందరికి వేడుకగా మారింది. దీనిపై మా అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము.

టర్బో అనేది స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి 1905లో పేటెంటు పొందిన ఊహ. పొగగొట్టం గుండా వృథాగా పోయే వాయువులు ఒక చక్రాన్ని త్రిప్పుతాయి. అదే ఇరుసుకు అమర్చిన మరొక చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. గాలి పెరిగినప్పుడు పెట్రోలు పెరగాలి; స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణమూ మారాలి. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో దానికి 14.7 రెట్ల గాలి కావాలి. టర్బో నిండు బలంతో పనిచేసే వేళ వేడిని అదుపులో ఉంచడానికి ఇంజనీర్లు ఈ పాలును సుమారు 12కు దించి, పెట్రోలును ధారాళంగా ఇస్తారు. ఈ లెక్కలన్నీ ఇ.సి.యు. అనే ఎలక్ట్రానిక్ పెట్టెలో ఉంటాయి. ఇంజను మారినా లెక్కలు పాతవే ఉంటే, ఇద్దరికి వండిన అన్నాన్ని నలుగురికి వడ్డించినట్లే అవుతుంది.

అప్పుడు మిశ్రమం తన క్షణం రాకముందే, తనకు తానుగా ప్రేలుతుంది. దీనినే మెకానిక్కులు 'నాకింగ్' అంటారు. పిస్టను అంచులు విరుగుతాయి. ఒక్కొక్కప్పుడు లోహమే కరుగుతుంది.

మా మిత్రుడొకడు, ఈ కళాశాల పూర్వ విద్యార్థి, దుబాయిలో ఉన్న అన్నగారు పంపిన సొమ్ముతో తన కారుకు పెద్ద టర్బో పెట్టించాడు. ట్యూనింగుకు పది రోజుల తరువాత తేదీ దొరికింది. "అంతవరకు బండి తీయవద్దు" అని ఉస్తాదు మరీమరీ చెప్పాడు. కాని ఇంతలో ఒక పెళ్ళి వచ్చింది. ముగ్గురు స్నేహితులను ఎక్కించుకొని మావాడు బయలుదేరాడు. ఫ్లైఓవరు ఎక్కుతూ ఒక లారీని దాటబోయిన వేళ ఇంజను టపటపలాడి, నీలి పొగ చిమ్మి ఆగిపోయింది. వెనుక వచ్చే వాహనాలు తప్పుకోబట్టి నలుగురూ బ్రతికారు. అన్నగారి కష్టార్జితం మాత్రం పొగలో కలిసింది.

"మెల్లగా నడిపితే చాలదా?" అని కొందరంటారు. పెద్ద ఇంజెక్టర్లు వేసి లెక్క మార్చకపోతే, నిలిచి ఉన్న బండిలో సైతం పెట్రోలు పొంగి సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగివేస్తుంది. "శబ్దం వినబడగానే కాలు తీస్తాము" అని మరికొందరంటారు. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 50 మార్లు మండుతుంది. చెవి విని, మనసు గ్రహించి, కాలు కదిలేలోపున జరగవలసిన నష్టం జరిగిపోతుంది. ఆ ఇంజనుకు తగిన ప్రాథమిక లెక్కలు ఎక్కించి, గాలి పెట్రోలు పాళ్ళు చూపే మీటరు పెట్టుకొని, ట్యూనరు ప్రక్కన ఉండగా నడపడం వేరు. అది ట్యూనింగులో భాగమే.

మహామహులకే ఈ విద్య తేలికగా పట్టుబడలేదు. 1977లో రెనో సంస్థ టర్బో కారును ఫార్ములా వన్ పందెములో దింపినప్పుడు అది పదేపదే పొగలు కక్కి ఆగిపోగా, చూసినవారు దానికి 'పసుపు టీ కెటిల్' అని పేరు పెట్టారు. తొలి విజయం 1979లో గాని చేతికందలేదు. అంతటివారికే రెండేళ్ళు పట్టిన పనికి మనం పది రోజులు ఆగలేమా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

మరొక మాట. రిజిస్ట్రేషనులోని వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే స్థిరపరచింది. కనుక వేగం మీద మక్కువ గలవారికి తగిన చోటు కోయంబత్తూరు, చెన్నైల వద్దనున్న పందెపు మార్గాలే గాని పదిమంది నడిచే వీధి కాదు. అక్కడికైనా ట్యూనింగు కాని బండిని లారీ మీద తీసుకుపోవడమే వివేకం.

మా మిత్రుడు విరిగిన పిస్టనును మాకు ఇచ్చాడు. దానిని కళాశాల ప్రయోగశాలలోని అద్దాల బీరువాలో ఉంచడానికి అనుమతించవలసిందనీ, ఏడాదికొక మారు అనుభవజ్ఞుడైన ఉస్తాదును పిలిపించి విద్యార్థులకు ఈ విషయాలు చెప్పించవలసిందనీ కమిటీ వారిని వినయపూర్వకంగా కోరుతున్నాము. మేము ఇన్ని మాటలలో చెప్పినది ఆ లోహపు ముక్క మౌనంగానే చెప్పగలదు.